ఆదివారం సంచి, సోమవారం కాటా

ప్రశ్న: నేను గుంటూరులో ఒక మిర్చి కమీషన్ కొట్టులో పదకొండేళ్లుగా గుమాస్తాగా పనిచేస్తున్నాను. గత జూన్‌లో మా క్రైస్తవ సంఘం నన్ను కోశాధికారిగా ఎన్నుకుంది. మా షావుకారుగారు కూడా అదే సంఘంలో పెద్ద. ఆరాధన కాగానే కానుకల సంచి ఆయన ఇంటికి వెళ్తుంది. సోమవారం ఆయన చెప్పిన మొత్తాన్ని నేను పుస్తకంలో రాస్తాను. మామూలు ఆదివారం ఏడెనిమిది వేలు ఉంటుంది. గుడిలోనే ఇద్దరం కూర్చుని లెక్కపెడదామని కమిటీలో అంటే, మరో పెద్ద బైబిలు తెరిచి, నమ్మకస్థులను లెక్క అడగలేదని రెండవ రాజుల గ్రంథం 12వ అధ్యాయం 15వ వచనం చదివి వినిపించారు. స్త్రీల సమాజంలో గుప్పెడు బియ్యం లెక్క రాసే అక్క ఒక్కరే నా మాటను సమర్థించారు. ఇక కొట్టు సంగతి. కాటా అయ్యాక పట్టీలో (రైతుకిచ్చే లెక్క చీటీలో) టిక్కీకి, అంటే మిర్చి బస్తాకు, కిలో చొప్పున అదనంగా తరుగు రాయమంటారు, రాస్తాను. సీజనుకు ముందు అడ్వాన్సు తీసుకున్న రైతులు ఎదురు మాట్లాడలేరు. బస్తాలు మోసే ముఠా వాళ్ల కూలి రెండు మూడు వారాలు ఆగుతుంది. ఆదివారం ముందు వరుసలో కూర్చుని వాక్యం చదివేది మాత్రం ఆయనే. క్రైస్తవ నాయకుడు ఎలా ఉండాలో ఆయనకు ఎలా చెప్పాలి? ఈ ఉద్యోగం మానేసి పూర్తికాల సేవకు వెళ్లమని మిత్రులు అంటున్నారు. ఇప్పటికే వారంలో నాలుగు రాత్రులు కూటాలకే పోతున్నాయని నా భార్య బాధపడుతోంది. ఏం చేయమంటారు?
— ఒక సంఘ కోశాధికారి, గుంటూరు

సమాధానం: సోదరులకు వందనాలు. మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకూ మీ షావుకారుగారి మీద కోపమే వచ్చింది. మూడోసారి చదివినప్పుడు మాత్రం రెండు చిన్న మాటల దగ్గర ఆగిపోయాను. కానుకల మొత్తం గురించి ‘నేను పుస్తకంలో రాస్తాను’ అన్నారు, తరుగు గురించి ‘రాస్తాను’ అన్నారు. ఆయనకు ఎలా చెప్పాలని మీరు అడిగారు కానీ, ఆ రెండు చోట్లా కలం మీ చేతిలోనే ఉంది. అందుకని సమాధానాన్ని ఆయన కుర్చీ దగ్గర కాకుండా మీ కలం దగ్గర మొదలుపెడుతున్నాను. నొచ్చుకోకండి. మీరు దాచదలుచుకుంటే ఆ మాటలు రాసేవారే కాదు.

ఒక లెక్క వేద్దాం. ఒక రైతు 60 టిక్కీలు తెచ్చాడనుకోండి. టిక్కీకి కిలో చొప్పున 60 కిలోలు పోయాయి. క్వింటాలు 15,000 రూపాయల ధర పలికిందనుకుంటే ఆ 60 కిలోల విలువ 9,000 రూపాయలు. అంటే మీ సంఘమంతా కలిసి ఒక ఆదివారం వేసే కానుక కంటే ఎక్కువ సొమ్ము, సోమవారం పొద్దున పది గంటలకే, ఒక్క రైతు పట్టీలో, ఒక్క గీతతో వెళ్లిపోయింది. ఆ రైతు పట్టీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుంటాడు. ఇంటికి వెళ్లాక చదువుకున్న కూతురి చేత చదివించుకుంటాడు. ‘తరుగు 60’ అన్న చోట ఆ పిల్ల ఆగి, ఇదేంటి నాన్నా అని అడుగుతుంది. ఆమె చదువుతున్నది మీ చేతిరాత.

ఆమోసు ప్రవక్తకు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన తెకోవలో పశువులు కాచుకునేవాడు, మేడిపండ్లు ఏరుకునేవాడు. తాను ప్రవక్తను కాను, ప్రవక్త కుమారుణ్ణీ కాను అని తానే చెప్పుకున్నాడు. ఆయన గ్రంథం 8వ అధ్యాయంలో వ్యాపారులు కనిపిస్తారు. వాళ్లు విశ్రాంతిదినాన్ని మీరినవాళ్లు కారు, అది గమనించండి. విశ్రాంతిదినాన కొట్లు మూసి బుద్ధిగా కూర్చుంటారు. కాకపోతే కూర్చున్నంతసేపూ ఈ రోజు ఎప్పుడు గడుస్తుందా, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందామా, కొలపాత్రను చిన్నది చేసి, తూకపు రాయిని పెద్దది చేసి, ధాన్యంలో తాలు కలిపి ఎలా అమ్ముదామా అని లోపల లెక్కలు వేసుకుంటూ ఉంటారు. తాలు సంగతి మిర్చి కొట్టులో పనిచేసే మీకు నేను వివరించనక్కర్లేదు. దేవుడు ఆ క్రియలను ఎన్నటికీ మరువనని ప్రమాణం చేసినట్టు ఆ తర్వాతి మాటలోనే ఉంది. ఆ వ్యాపారుల ఆరాధనలో బయటికి కనిపించే లోపం ఒక్కటీ లేదు, అందుకే నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా భయం వేస్తుంది.

లేవీయకాండము 19వ అధ్యాయాన్ని మన ప్రసంగాల్లో ‘నిన్ను వలె నీ పొరుగువాని ప్రేమింపవలెను’ అన్న 18వ వచనం కోసం మాత్రమే తెరుస్తాం. అదే అధ్యాయం 13వ వచనంలో కూలివాడి కూలి మరునాటి దాకా నీ దగ్గర ఉంచుకోవద్దని ఉంది. 35, 36 వచనాల్లో త్రాసులు, తూకపు రాళ్లు, కొలతలు న్యాయమైనవిగా ఉండాలని ఉంది. మీ ఉత్తరంలోని తరుగు, ముఠా కూలి, పొరుగువాడు అన్నీ ఒకే అధ్యాయంలో కలిసి ఉన్నాయి. మధ్యలో ఉన్న ప్రేమను ఆదివారానికి తీసుకుని, అటూ ఇటూ ఉన్న కూలినీ కాటానూ కొట్టుకు వదిలేసింది మనమే.

అయితే తరుగు అన్నదంతా దొంగతనమని నేను అనడం లేదు. గోతం బరువు ఉంటుంది, తేమ ఉంటుంది, తాలు కాయ ఉంటుంది. వాటికి కొంత తీయడం న్యాయమే, ఆ తీసేది కాటా దగ్గర, రైతు కళ్ల ముందు, కారణం చెప్పి తీసినప్పుడు. మీ ఉత్తరంలో ఉన్నది అది కాదు. అది కాటా అయిపోయాక, రైతు పక్కకు వెళ్లాక, కారణం లేకుండా రాసే తరుగు. ఈ తేడాయే మీకు దారి చూపిస్తుంది, ఎందుకంటే దీనివల్ల మీరు షావుకారుగారి దగ్గరికి నిందతో కాకుండా ఒక ప్రతిపాదనతో వెళ్లగలుగుతారు.

అలా వెళ్లినవాడు దానియేలు. బబులోను రాజు భోజనంతో తనను తాను అపవిత్రపరచుకోకూడదని మనసులో నిశ్చయించుకున్నాక అతను రాజు బల్ల మీద ప్లేటు విసిరేయలేదు. ముందు పెద్ద అధికారిని వినయంగా అడిగాడు. ఆ అధికారి మంచివాడే గానీ, రాజు నా తల తీయిస్తాడేమోనని భయపడ్డాడు. దానియేలు ఆ భయాన్ని ఎగతాళి చేయలేదు. తమను చూసుకునే మనిషితో, పది రోజులు శాకాహారంతో మమ్మల్ని పరీక్షించి చూడండి, ఆ తర్వాత మీరు చూసినదాన్ని బట్టి చేయండి అన్నాడు. ఒప్పుకోకూడని విషయంలో అతను ఒప్పుకోలేదు. ఎదుటివాడికి మాత్రం తలవంపు లేకుండా ఒప్పుకునే వీలు కల్పించాడు. మీ షావుకారుగారికి కూడా ఒక భయం ఉండే ఉంటుంది. తరుగు మానేస్తే సీజను చివర లెక్కలు తలకిందులవుతాయని అనుకుంటూ ఉండవచ్చు. ఆ భయం నిజమా కాదా అన్నది ఒక వారం చేసి చూస్తే గాని ఆయనకూ తెలియదు.

కాబట్టి ఒక సాయంత్రం, కొట్టు కట్టేసి, ముఠా వాళ్లు వెళ్లిపోయాక, ఒంటరిగా ఆయన దగ్గర కూర్చోండి. గుడి ఆవరణలో వద్దు, ఆదివారం అసలే వద్దు. మాటలు మీవే అయి ఉండాలి గానీ, నేనైతే దాదాపు ఇలా అంటాను: ‘అయ్యా, పదకొండేళ్లుగా మీ ఉప్పు తింటున్నాను. కాటా అయ్యాక రాసే తరుగు నా చేతితోనే రాస్తున్నాను. అది తప్పని తెలిసీ రాశాను, ఇక రాయలేను. మనం దీన్ని మానేద్దాం. గోతానికీ తేమకూ తీయవలసింది కాటా దగ్గరే రైతుకు చెప్పి, పట్టీలో కారణంతో సహా వేరే వరుసలో రాస్తాను. ఒక్క వారం ఇలా చేసి చూడనివ్వండి.’

అందులో ‘మనం’ అన్న మాట ఊరకే పెట్టలేదు. నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం చదవండి. యెరూషలేము గోడ కట్టే రోజుల్లో పేద యూదులు తమ పొలాలు, ద్రాక్షతోటలు, ఇళ్లు తాకట్టు పెట్టి ధాన్యం తెచ్చుకుంటున్నారు, పిల్లలను దాస్యానికి అప్పగిస్తున్నారు. అప్పిచ్చినవాళ్లు బయటివాళ్లు కారు, సొంత సహోదరులే, అందులోనూ పెద్దలు. నెహెమ్యాకు చాలా కోపం వచ్చిందని గ్రంథమే చెబుతుంది. కానీ వెంటనే అరవలేదు. లోపల ఆలోచించుకుని తర్వాత పెద్దలతో మాట్లాడాడు. ఆ మాటల్లో, నేనూ నా బంధువులూ నా మనుషులూ కూడా వీళ్లకు డబ్బూ ధాన్యమూ అప్పిచ్చాం అని ఒప్పుకుని, ఈ వడ్డీ మానేద్దాం అన్నాడు. అధిపతి హోదాలో ఉన్న మనిషి ‘మీరు మానండి’ అనగలడు, ఆయన అలా అనలేదు. ఆ తర్వాత 12 సంవత్సరాలు అధిపతికి రావలసిన భత్యాన్ని తాను తినలేదని రాసుకున్నాడు. ముందున్న అధిపతులు 40 తులముల వెండి తీసుకునేవారని, వాళ్ల పనివాళ్లు కూడా జనం మీద పెత్తనం చేసేవారని, తాను దేవుని భయం వల్ల అలా చేయలేదని చెప్పాడు. హక్కుగా వచ్చేదాన్ని సైతం ఎదుటివాడి భారం చూసి వదులుకోవడమే ఆ అధ్యాయమంతటా కనిపించే నాయకత్వం.

అడ్వాన్సు తీసుకున్న రైతు ఎదురు మాట్లాడలేడని మీరు రాసిన వాక్యం దగ్గర నాకు మన ప్రాంతపు చరిత్ర ఒకటి గుర్తొచ్చింది. 1876–78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే పనిని కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆ జనంలో చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. కరువు పని నడిచినంత కాలం ఆయన ఇవ్వలేదు. తన చేతిలో వాళ్ల తిండి ఉండగా వాళ్ల అవునుకు విలువ ఏముంటుందని ఆయన సందేహం. కరువు తగ్గి, సహాయం ఆగాక కూడా వాళ్లు వచ్చారు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. క్రైస్తవ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనవాళ్లు ఆ 2,222 అంకెనే చెబుతారు. నాకు మాత్రం ఆ అంకెకు ముందు ఆయన ఆగిన కాలమే పెద్దదిగా కనిపిస్తుంది. అవసరంలో ఉన్నవాడి మీద పట్టు దొరికినప్పుడు, మంచి పని కోసమైనా సరే, ఆ పట్టును వాడకుండా ఉండగలగడం మామూలు విషయం కాదు. మీ కొట్టులో అడ్వాన్సు పుస్తకం తెరిచినప్పుడు ఈ సంగతి షావుకారుగారికి చెప్పి చూడండి. ఒంగోలు కథ కాబట్టి వింటారు.

ఆయన వినకపోతే? అప్పుడు మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని వరుస ఉంది: ముందు ఒంటరిగా, తర్వాత ఒకరిద్దరిని వెంటబెట్టుకుని, ఆ తర్వాతే సంఘంతో. మన సంఘాల్లో ఈ వరుస తరచుగా తిరగబడుతుంది. ముందు సంఘమంతటికీ తెలుస్తుంది, చివర ఆ మనిషికి తెలుస్తుంది. మీరు అలా చేయకండి. కానీ ఆయన ఏమన్నా సరే, ఆ అదనపు తరుగు మీ చేతితో రాయడం ఆ రోజుతో ఆగాలి. ఉద్యోగం పోవచ్చు, ఆ సంగతి దాచి మీకు ధైర్యం చెప్పడం నాకు ఇష్టం లేదు. కాబట్టి ఆయనతో మాట్లాడేముందు మీ భార్యతో మాట్లాడండి, రెండు మూడు నెలల ఇంటి ఖర్చు ఎలా గడుస్తుందో చూసుకోండి, లెక్కలు తెలిసిన గుమాస్తా కావలసిన చోట్లు మెల్లగా విచారించండి. విశ్వాసం ఉన్నవాడు ముందుచూపు లేకుండా దూకాలని బైబిలులో ఎక్కడా లేదు.

ఇక కానుకల సంచి. మిమ్మల్ని నోరు మూయించిన ఆ 15వ వచనం ఉన్న అధ్యాయాన్ని మొదటి నుంచి చదివితే అది మీ వైపే మాట్లాడుతుంది. యోవాషు ఏడేళ్ల వయసులో యూదా దేశానికి రాజయ్యాడు. మందిరం బాగుచేయించడానికి వచ్చే సొమ్మును యాజకులే తీసుకుని, పాడైన చోట్లు బాగుచేయించాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆయన ఏలుబడి 23వ ఏట చూస్తే మందిరం పాడు పాడుగానే ఉంది. ఎవరు తిన్నారని గ్రంథం చెప్పదు, అసలు ఎవరైనా తిన్నారనే చెప్పదు. పని జరగలేదని మాత్రమే చెబుతుంది. అప్పుడు యాజకుడైన యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జం చేసి, బలిపీఠం పక్కన, అందరూ లోపలికి వచ్చే దారిలో పెట్టాడు. పెట్టెలో సొమ్ము బాగా చేరినప్పుడు రాజు తరఫు అధికారి ఒకరు, ప్రధానయాజకుడు ఒకరు వచ్చి, ఇద్దరూ కలిసి లెక్క చూసి సంచుల్లో కట్టేవారు. ఆ తూచిన సొమ్మును పని చేయించేవాళ్ల చేతికిస్తే, వాళ్లు వడ్రంగులకూ రాతిపనివాళ్లకూ ఇచ్చేవారు. లెక్క అడగనిది ఈ చివరివాళ్లను. అంటే సంచి విప్పే దగ్గర ఇద్దరు కూర్చుని, మొత్తం తేలిపోయి, తూకం అయ్యాక, బయట పని చేయించిన మేస్త్రీల నిజాయితీని మెచ్చుకుంటూ రాసిన మాట అది. దాన్ని తెచ్చి సంచి విప్పే దగ్గరే అడ్డం పెట్టడం, పట్టీ చివరి వరుస చూపించి కాటా అక్కర్లేదనడం లాంటిది. ఆ పెద్దాయనతో వాదం పెట్టుకోకుండా, వచ్చే కమిటీలో 9, 10 వచనాలు ఆయన చేతే చదివించండి. గొంతు బాగుంటుందని చెప్పండి, సంతోషంగా చదువుతారు.

పౌలు కూడా అంతే. యెరూషలేములోని బీదల కోసం గ్రీకు సంఘాల్లో సొమ్ము పోగుచేసినప్పుడు, తన సహచరుడు తీతుతో పాటు, సంఘాలు ఎన్నుకున్న సహోదరుణ్ణి తోడుగా పెట్టాడు. ఆ సొమ్ము విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకుండా జాగ్రత్తపడుతున్నామనీ, ప్రభువు దృష్టిలోనే కాక మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని చూస్తున్నామనీ కొరింథీయులకు రాసిన రెండవ పత్రిక 8వ అధ్యాయంలో వివరించాడు. అపొస్తలుడికి అక్కర్లేని నమ్మకం మనకు ఎందుకు కావాలో నాకు అర్థం కాదు. అన్నట్టు, శిష్యుల్లో డబ్బు సంచి ఒక్కడి దగ్గరే ఉండేది, ఆ ఒక్కడు యేసును అప్పగించిన యూదా అని యోహాను సువార్త 12వ అధ్యాయంలో చూడండి. ఈ మాట కమిటీలో మాత్రం అనకండి. నాకు ఉత్తరంలో రాసుకోవడానికి బాగుంది గానీ అక్కడ గొడవ అవుతుంది.

ఇది మీ షావుకారుగారు దొంగ అని చెప్పడానికి కాదు, ఆయన సంచిలో రూపాయి ముట్టలేదనే అనుకుందాం. నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట విజయవాడలో ఒక సంఘానికి కార్యదర్శిగా ఉన్నప్పుడు, క్రిస్మస్‌కు పేదలకు పంచే దుప్పట్లు కొనడానికి వన్‌టౌన్ వెళ్లాను. ఒక్కణ్ణే వెళ్లాను, అది మొదటి తప్పు. రసీదులు చొక్కా జేబులో పెట్టుకున్నాను, ఆ చొక్కా చాకలికి వెళ్లింది. తిరిగి వచ్చినప్పుడు జేబులో తడిసి ఆరిన కాగితపు ముద్ద ఉంది. గుర్తున్నంతవరకు లెక్క రాస్తే 1,400 రూపాయలు తక్కువ వచ్చింది. ఎవరికీ చెప్పకుండా నా జేబులోంచి వేసి పుస్తకం సరిచేశాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. పుస్తకంలో కూడికలు సరిపోయాయి, కానీ ఆ పేజీలో ఉన్నది నిజం కాదు. మరుసటి ఏడు ఇంకొకరు అదే పని చేసి, తగ్గినందుకు తిట్లు తిన్నప్పుడు కూడా నేను నోరు విప్పలేదు. ఒంటరిగా లెక్కపెట్టేవాడు ఎంత నిజాయితీపరుడైనా, ఆ నిజాయితీకి సాక్షి ఉండడు. రెండో మనిషి కూర్చునేది మీ షావుకారుగారిని పట్టుకోవడానికి కాదు, రేపు ఎవరైనా ఆయనను అనుమానిస్తే ‘నేను పక్కనే ఉన్నాను’ అని చెప్పడానికి. ఆయనకు ఇలా చెబితే వినే అవకాశం ఎక్కువ.

ముఠా కూలి గురించి ఎక్కువ రాయను, వాక్యం అంత తేటగా ఉంది. సూర్యుడు అస్తమించకముందే కూలి ఇవ్వమనీ, అతను బీదవాడు, దాని మీదే ఆశ పెట్టుకున్నాడనీ ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం చెబుతుంది. కోత కోసినవారికి ఇవ్వని కూలి మొర పెడుతుందని యాకోబు 5వ అధ్యాయం చెబుతుంది. మీ చేతిలో ఉన్నది ఇదీ: వారం చివర ముఠా మేస్త్రీ లెక్కను అందరి కంటే ముందు మీరు తేల్చి, షావుకారుగారి ముందు మొదటి కాగితంగా పెట్టండి. ఆలస్యమయ్యే కూలిలో సగం దుర్బుద్ధి వల్ల కాక, లెక్క ఆఖరున తేలడం వల్ల ఆగుతుందని నా ఊహ.

ముందు వరుస కుర్చీ గురించి మీకు కాస్త నొప్పిగా ఉన్నట్టుంది. శిష్యులైన యాకోబు, యోహాను యేసు కుడిఎడమల ఆసనాలు అడిగినప్పుడు మిగతా పదిమంది కోపపడ్డారని మార్కు 10వ అధ్యాయంలో ఉంది. ఆ కోపం అంతా ధర్మాగ్రహమేనా అని నాకెప్పుడూ అనుమానమే. యేసు కూడా ఆ ఇద్దరినే మందలించి వదలలేదు, పన్నెండుమందినీ పిలిచి, గొప్పవాడు కాగోరినవాడు పరిచారకుడై ఉండాలని చెప్పాడు. మీ కోపంలో కుర్చీ వాటా ఎంతో ఒక రాత్రి కూర్చుని చూసుకోండి. కొంచెం ఉంటే ఉండనివ్వండి, ఉందని తెలిస్తే చాలు. షావుకారుగారితో మాట్లాడేటప్పుడు గొంతు దానంతట అదే తగ్గుతుంది.

పూర్తికాల సేవ గురించి మీ మిత్రులు చెప్పింది ప్రేమతోనే కావచ్చు, కానీ ఈ సమయంలో అది పారిపోవడానికి పెట్టిన మంచి పేరు అవుతుందేమోనని నా భయం. బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు, అంటే పన్నులు వసూలు చేసేవాళ్లు, వచ్చి ‘మేమేమి చేయాలి’ అని అడిగినప్పుడు ఆయన సుంకం మెట్టు వదిలి ఎడారికి రమ్మనలేదు. నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దన్నాడు, అది లూకా 3వ అధ్యాయం. లెక్క రాసే ఉద్యోగాలవాళ్లకు బైబిలులో ఇంతకంటే సూటి సలహా నేను చూడలేదు. పౌలు కొరింథులో డేరాలు కుట్టాడు. మిలేతులో ఎఫెసు పెద్దలకు వీడ్కోలు చెబుతూ, ఎవరి వెండినీ బంగారాన్నీ వస్త్రాలనూ ఆశించలేదని తన చేతులు చూపించాడు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పుగా అభిషిక్తుడై దోర్నకల్లులో సేవచేసిన అజరయ్యగారు, బాప్తిస్మం పొందినవారి చేత వాళ్ల చేతిని వాళ్ల తల మీదే పెట్టించి, నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ అని పలికించేవారు. అలా పలికినవాళ్లలో చాలామంది పొలం కూలీలు, మరునాడు మళ్లీ పొలానికే వెళ్లారు. మీ పిలుపు నిజంగా వేరే ఉంటే, ఈ తరుగు సంగతి తేలాక కూడా అది ఉంటుంది. అప్పుడు మీ సంఘ కాపరితో తీరిగ్గా మాట్లాడవచ్చు.

మీ భార్య మాటను మీరు ఉత్తరం చివర్లో పెట్టారు, నేనైతే అక్కడ పెట్టను. తన ఇంటిని ఏలనేరనివాడు దేవుని సంఘాన్ని ఎలా పాలిస్తాడని తిమోతికి రాసిన మొదటి పత్రిక 3వ అధ్యాయం అడుగుతుంది. సమూయేలు ముసలితనంలో జనం ముందు నిలబడి, నేనెవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి గాడిదనైనా పట్టుకున్నానా చెప్పండి అని అడిగితే, ఎవరూ వేలెత్తి చూపలేకపోయారు. అంతటి మనిషి కుమారులు లంచాలు పుచ్చుకుని న్యాయాన్ని తిప్పేశారు. ఊరూరా తిరిగి తీర్పు తీర్చినవాడికి ఇంట్లో కూర్చునే తీరిక దొరికిందో లేదో గ్రంథం చెప్పలేదు. నాలుగు కూటాల్లో రెండింటికి ఈ నెల నుంచే సెలవు పెట్టండి. కోశాధికారి లేకపోయినా ప్రార్థన జరుగుతుంది.

లెక్కపెట్టేటప్పుడు పక్కన ఎవరు కూర్చోవాలన్నది మీరు అడగలేదు గానీ, సమాధానం మీ ఉత్తరంలోనే ఉంది. గుప్పెడు బియ్యం లెక్క రాసే ఆ అక్కను అడగండి. ఇంటింటి నుంచి వచ్చే బియ్యాన్ని శేరు తక్కువ కాకుండా, ఎవరిది ఎంతో పేరుపేరునా రాసుకునే మనిషికి నోట్ల కట్ట పెద్ద పని కాదు. ఆమె ఒప్పుకుంటే షావుకారుగారిని మూడో కుర్చీలో కూర్చోబెట్టండి, మొత్తం తేలాక ముగ్గురూ సంతకం పెట్టండి, ఆ కాగితం నకలు ఒకటి అదే రోజు గుడి గోడకు అంటించండి. ఆదివారం ఆరాధన పదకొండున్నరకు అయితే పన్నెండింటికల్లా ఈ పని ముగుస్తుంది, మీరు మధ్యాహ్నం అన్నం వేళకు ఇంట్లో ఉంటారు.